తలలతో పాటు చుట్టరికాలూ లెక్కపెట్టాలి

తాడేపల్లి

చిరంజీవి మనవరాలికి,

జన్యుశాస్త్రం చదివి అడవి జంతువులకు మేలు చేసే పని చెయ్యాలనుందని రాశావు. చాలా సంతోషం. ఆ పనిలో దిగేముందు ఒక మాట మనసులో పెట్టుకో తల్లీ. అరుదైపోతున్న జింకల్లో ఎన్ని మిగిలాయన్నది సగం ప్రశ్నే. మిగిలినవి ఒకదానికొకటి ఏమవుతాయన్నది మిగతా సగం. 1975లో మణిపూర్‌లోని కైబుల్ లంజావోలో సంగాయి జింకలు లెక్కకు 14 మాత్రమే తేలాయి. అంత చిన్న మందలో కొన్ని తరాలకే అన్నీ దగ్గరి చుట్టాలైపోతాయి. తల్లివైపూ తండ్రివైపూ దాగి ఉన్న ఒకే లోపం పిల్లలో కలిసి బయటపడే ప్రమాదం పెరుగుతుంది. మంద పెరుగుతున్నట్టే ఉంటుంది, లోపల సత్తువ తరుగుతుంది. అది కంటికి తెలియదు, జన్యు గుర్తులే చెప్పాలి.

డీఎన్ఏలో కొన్నిచోట్ల రెండు మూడక్షరాల ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. అవే మైక్రోశాటిలైట్లు. ఎన్నిసార్లు వచ్చిందన్నది జంతువుకూ జంతువుకూ మారుతుంది. ప్రతి చోటా తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి ఉంటాయి కనుక, ఇలాంటి చోట్లు చాలినన్ని పోల్చి చూస్తే చుట్టరికం అంచనాకు వస్తుంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు 2003లో చుక్కల దుప్పి నుంచి ఇటువంటి కొత్త గుర్తులు పది ప్రకటించి, దగ్గరి జాతుల్లోనూ అవి పనిచేస్తాయేమో పరీక్షించారు. విరివిగా దొరికే దుప్పిలో కనిపెట్టిన గుర్తు అరుదైన జింకకు అక్కరకు రావడమే ఇందులోని మేలు. జంతువును పట్టనక్కర్లేకుండా, తాజా పెంటికల నుంచి కూడా డీఎన్ఏ తియ్యవచ్చు. ఈ లెక్క పెంపకంలోనూ అవసరమే. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో 2010లో సీసీఎంబీ తోడ్పాటుతో మూషిక జింకల పెంపకం మొదలై, 2017లో కృష్ణకు అవతలి ఒడ్డున అమ్రాబాద్ అడవిలో కొన్నింటిని వదిలారు. మూషిక జింక అసలు జింకల కుటుంబంలోది కాదు, ప్రపంచ జాబితా ప్రకారం అంతరించే ప్రమాదంలోనూ లేదు. అయినా కొద్ది జంతువులతో మొదలయ్యే ఏ పెంపకంలోనైనా దేనికి దేన్ని జతకట్టాలి, వేటిని వదలాలి అన్న ప్రశ్నలు తప్పవు, వాటికి జవాబు చుట్టరికం లెక్కలోనే ఉంది.

ఇంగ్లండులోని వోబర్న్‌లో చేర్చిన 18 పెర్ డేవిడ్ జింకల నుంచే ఆ జాతి మళ్లీ వేలకు చేరింది కదా, 1985లో చైనాకూ తిరిగి వెళ్లింది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ గట్టెక్కిన జాతే మనకు కనబడుతుంది, గట్టెక్కనివి ఉదాహరణలుగా మిగలవు. ఊరంతా ఒకే రకం మిరప వేస్తే ఒక్క తెగులు అన్ని చేలనూ ఎలా ముంచుతుందో మన పల్నాడు రైతుకు తెలుసు. వైవిధ్యం తగ్గిన మందకూ అదే ముప్పు. ముందు అడవి నిలబెట్టాలి, వేట ఆపాలి, తరవాతే ప్రయోగశాల అన్న మాట ఇంకా బరువైనది. దాన్ని ఒప్పుకుంటాను. నల్లమల అడవిలో కణితి జింకకు మేత, నీరు, భయంలేని నేల లేకపోతే ఏ గుర్తూ దాన్ని కాపాడలేదు. అయితే ఉన్న కాస్త డబ్బు ఏ మందకు ముందు పెట్టాలో, ఏ రెండు అడవుల మధ్య దారి తెగిపోయిందో చెప్పేదీ ఆ గుర్తులే. అందుకే పరీక్ష చేసే ప్రతిసారీ, దీని ఫలితం చూసి అటవీ అధికారి రేపు ఏ నిర్ణయం మారుస్తాడని ముందే అడుగు. దానికి జవాబుంటేనే నమూనా సేకరించు.

శుభం కోరుతూ,
తాతయ్య