అర్థం కాలేదని చెప్పే ధైర్యం

ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల నుంచి ఏటా కొందరు పిల్లలు ఇంజనీరింగ్‌లో చేరతారు. కొందరు బత్తలపల్లి మీదుగా అనంతపురం పోతారు, కొందరు కదిరి దాటి మదనపల్లె వైపు, ఇంకొందరు ధర్మవరంలో రైలెక్కి తిరుపతికో బెంగళూరుకో. వాళ్ళలో చాలామంది అంతకుముందు రెండేళ్ళు ఇంటర్ హాస్టల్లో గడిపినవాళ్ళే. అక్కడ తెల్లారకముందే లేపేవాళ్ళున్నారు, స్టడీ అవర్లో వెనక నిలబడి చూసేవాళ్ళున్నారు, వారం వారం పరీక్ష పెట్టి మార్కులు గోడకంటించేవాళ్ళున్నారు. ఇంజనీరింగ్‌లో అడుగుపెట్టాక చదివావా అని అడిగే మనిషే ఉండడు. మొదట్లో అది సుఖంగానే ఉంటుంది. మొదటి మిడ్ పరీక్షకు వారం ముందు గుండెల్లో రాయి పడుతుంది.

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో నేర్చుకోవాల్సిన వాటి గురించి చాలామంది చాలా చెబుతారు. ఇంగ్లీషు, టైం టేబుల్, కోడింగ్, స్నేహాలు. అన్నీ కావాల్సినవే. నా మట్టుకు మాత్రం వీటన్నిటికంటే ముందు రావలసింది ఒకటుంది: అర్థం కాలేదని నలుగురిలో నోరు తెరిచి చెప్పడం.

క్లాసులో పాఠం ఇంగ్లీషులో సాగిపోతుంది. చివర్లో లెక్చరర్ డౌట్లు ఉన్నాయా అని అడుగుతారు. ఎవరూ చెయ్యెత్తరు. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు చుట్టూ చూసి, అందరికీ అర్థమైంది, నాకొక్కడికే కాలేదు అనుకుంటాడు. పక్క బెంచీవాడూ అదే అనుకుంటున్నాడని వీడికి తెలియదు. తన ఇంగ్లీషు విని నవ్వుతారేమోనన్న భయం ఒకటి, ఇంటర్లో తొంభై శాతం తెచ్చుకుని ఇంత చిన్న విషయం అడగడమా అన్న నామోషీ ఒకటి. ఇంగ్లీషు రెండో ఏడాదికి ఎలాగూ కుదురుకుంటుంది. నోరు మూసుకునే అలవాటు ముదిరితే మాత్రం నాలుగేళ్ళూ వదలదు. అందుకని తెలుగులోనే అడగండి. క్లాసులో బెరుకైతే క్లాసయ్యాక స్టాఫ్ రూముకు వెళ్ళి అడగండి. అడగందే అమ్మైనా పెట్టదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

అడగడానికీ ఒక పద్ధతుంది. "ఏమీ అర్థం కాలేదు సార్" అంటే ఆయన మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలి? "మూడో స్టెప్పు నుంచి నాలుగో స్టెప్పుకు ఎలా వచ్చామో తెలియలేదు సార్" అనండి. అలా అడగాలంటే మూడో స్టెప్పు దాకా మీరు సొంతంగా నడిచి ఉండాలి. సగం చదువు అక్కడే అయిపోతుంది.

ఇంజనీరింగ్ డ్రాయింగ్‌నే తీసుకోండి. మొదటి ఏడాది పిల్లల్ని ఎక్కువగా ఏడిపించే సబ్జెక్టు అది. ఒక బిందువు హెచ్‌పీకి (అడ్డ తలానికి) 20 మిల్లీమీటర్ల పైన, వీపీకి (నిలువు తలానికి) 30 మిల్లీమీటర్ల ముందు ఉందంటారు. చాలామంది పక్కవాడి షీటు చూసి డ్రాఫ్టరుతో గీతలు చక్కగా దించేస్తారు. షీటుకు మార్కులు పడతాయి, పరీక్షలో చెయ్యి కదలదు. ఈ ఒక్క పని చేసి చూడండి. నోటుబుక్కు సగం తెరిచి, ఒక పేజీ బల్ల మీద పరుచుకుని రెండోది గోడలా నిలబడేలా పట్టుకోండి. నిలబడినది వీపీ, పరుచుకున్నది హెచ్‌పీ, మధ్య మడత ఎక్స్‌వై గీత. ఆ మూలలో పెన్సిల్ మొన ఒకటి గాల్లో ఉంచండి. ఎదురుగా చూస్తే గోడ మీద ఎక్కడ కనిపిస్తుందో అది ఫ్రంట్ వ్యూ, పైనుంచి చూస్తే బల్ల మీద ఎక్కడ పడుతుందో అది టాప్ వ్యూ. ఇప్పుడు బల్ల మీది పేజీని మడత దగ్గర కిందికి వంచి రెండు పేజీలూ ఒకే తలం చేయండి. ఫ్రంట్ వ్యూ గీతకు 20 పైన, టాప్ వ్యూ గీతకు 30 కింద ఎందుకొస్తాయో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చే గీతలూ తలాలూ ఘనాలూ అన్నీ ఈ మూలలోంచి పుట్టేవే.

సీ ప్రోగ్రామింగ్ విషయంలో ఇంకో దిగులు. పట్నం పిల్లలు ఎప్పట్నించో కంప్యూటరు ముందు కూర్చున్నారు, నేనిప్పుడే చూస్తున్నా అని. ఈ దిగులున్నవాళ్ళు ఒకసారి ధర్మవరంలో జకార్డు యంత్రం బిగించిన చీరల మగ్గం దగ్గర నిలబడి చూడాలి. చీర మీద రావలసిన బొమ్మను ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు గళ్ళుగా గీస్తారు. దాన్నిబట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. ఒక్కో అట్టకు ఒక్కో పేక పోగు. అట్టల్ని వరసగా కుట్టి రెండు కొసలూ కలిపేస్తే, చివరి అట్ట అయ్యాక మళ్ళీ మొదటిది వస్తుంది, బుటా మళ్ళీ మొదలవుతుంది. సీ పుస్తకంలోని లూప్ ఇదే. ఉండటం, లేకపోవడం అనే రెండే గుర్తులతో పని నడిపించడం బైనరీ. ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన 1804లో తెచ్చిన ఈ అట్టల పద్ధతిని చూసే, 1830ల్లో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అవే వాడాలనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హెర్మన్ హోలరిత్ రంధ్రాల అట్టలతోనే తేల్చాడు. మగ్గం చప్పుడు వింటూ పెరిగిన పిల్లలు ఈ సబ్జెక్టుకు పరాయివాళ్ళెట్లా అవుతారు?

అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో అనంతపురం చేరింది. మన సీమలో ఇంజనీరింగ్ చదువుకు అంత వయసుంది. ఇంట్లో మీరే మొదటి ఇంజనీరు కావచ్చు, ఈ నేలకు మాత్రం మీరు మొదటివాళ్ళు కాదు. సీనియర్లలో మన వైపు వాళ్ళుంటారు, అన్నా అక్కా అని పలకరించి పాత ప్రశ్నపత్రాలు అడగండి. పలకరింపు వేరు, వేధింపు వేరు. ర్యాగింగ్‌ను మన రాష్ట్రం 1997లోనే చట్టం చేసి నిషేధించింది. అలాంటిది ఎదురైతే ఓర్చుకోవద్దు, 1800-180-5522కు ఫోన్ చేయండి.

నిబంధనలు మొదటి వారంలోనే చదువుకోండి. హాజరు 75 శాతం ఉండాలి. చెనక్కాయ పీకే రోజుల్లో ఇంటికి పోయి పదేసి రోజులు ఉండిపోయేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఇంట్లో పని చేయొద్దని నేననను, ఆ చేతుల అవసరం ఇంటికి ఎంతో తెలుసు. ఎన్ని క్లాసులు పోతాయో లెక్క చూసుకుని, క్లాస్ టీచరుకు ముందే చెప్పి వెళ్ళండి. అదీ అడగడమే.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా నోరు విప్పాలి. "బాగున్నావా నాయనా?" అంటే "బాగుండా" అని పెట్టేయడం అందరికీ అలవాటు. సబ్జెక్టు తప్పితే నెలల తరబడి దాచి, సప్లీ ఫీజు కోసం స్నేహితుల దగ్గర అప్పు చేసే పిల్లలున్నారు. వాన మొహం చాటేసి చేను నిలువునా ఎండిపోయిన సంవత్సరాలు మీ నాయన ఎన్నో చూశాడు. మరుసటి ఏడు మళ్ళీ విత్తనం తెచ్చి వేశాడు. మ్యాథ్స్ ఒక సబ్జెక్టు పోయింది, సప్లీలో మళ్ళీ రాస్తా, ఫీజు ఇంత కట్టాలి అని ఆయనకు నేరుగా చెప్పండి.