చైనావారి కాలేయ కషాయం: నిరూపణ ఎంత?

కామెర్లు అనగానే మన ఇళ్ళలో నేల ఉసిరి గుర్తుకు వచ్చినట్లు, చైనా, జపాన్ దేశాలలో కాలేయ వ్యాధులకు ‘షియావో చాయ్ హూ తాంగ్’ అనే కషాయం ప్రసిద్ధి పొందినది. విదేశీ మూలికలపై పాఠకులకు ఆసక్తి పెరుగుతున్నందున దీని గుణదోషాలను వివరిస్తున్నాను.

సుమారు 1,800 సంవత్సరాల క్రితం జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రచించిన ‘షాంగ్ హాన్ లున్’ గ్రంథంలోనిది ఈ యోగం. ఇందులో బ్యూప్లూరం, స్కుటెలేరియా, జిన్సెంగ్ వేర్లు, శుద్ధి చేసిన పినెలియా దుంప, అతిమధురం, అల్లం, ఎండు రేగుపండ్లు అనే ఏడు ద్రవ్యాలు ఉన్నాయి.

ఆ గ్రంథంలో దీనిని చలి, వేడి మార్చి మార్చి వచ్చే జ్వరం, ప్రక్కటెముకల క్రింద బిగువు, వికారం, అన్నద్వేషం ఉన్న రోగికి చెప్పారు. ఇరవయ్యవ శతాబ్దంలో జపాను వైద్యులు దీనినే ‘షో సైకో తో’ అనే పేరుతో దీర్ఘకాలిక హెపటైటిస్ రోగులకు విరివిగా ఇచ్చారు. అనగా లక్షణాన్ని బట్టి ఇచ్చే మందు వ్యాధి పేరును బట్టి ఇచ్చే మందయినది. రోగి బలాన్ని, దోషాన్ని, అగ్నిని పరీక్షింపక ఏ యోగాన్నీ ఇవ్వరాదని గురుకులంలో మాకు నేర్పిన తొలి పాఠం.

ఇక నిరూపణ సంగతి. కాలేయం గట్టిపడిన 260 మందిపై జపానులో ఐదేళ్ళు జరిపిన పరీక్ష ఫలితాలు 1995లో వెలువడ్డాయి. మందు వాడినవారిలో కాలేయ క్యాన్సర్ కొంత తక్కువగా కనిపించినది. కాని మొత్తం మీద ఆ తేడా నిశ్చయంగా చెప్పదగినంతది కాదు. హెపటైటిస్ బి విషయమై 934 మందిపై జరిగిన 10 పరీక్షలను కోక్రేన్ సంస్థ 2019లో సమీక్షించి, అవి లోపభూయిష్టములు గనుక మేలు, కీడు రెండూ తేలలేదని నిర్ణయించినది.

కీడు మాత్రం వేరొక దారిన బయటపడినది. ఈ మందు వాడినవారిలో ఊపిరితిత్తుల వాపు 88 మందికి వచ్చి, వారిలో 10 మంది మరణించినట్లు 1996లో జపాను ప్రభుత్వం ప్రకటించినది. ఇంటర్‌ఫెరాన్ సూదులతో కలిపి దీనిని వాడరాదని అక్కడ నిషేధం ఉన్నది. అదీగాక అతిమధురం ఎక్కువకాలం సేవిస్తే రక్తపోటు, వాపులు పెరుగుతాయి.

ఇదే కొలత మన మూలికలకూ వర్తించాలి. నేల ఉసిరి వాడిన 37 మందిలో 22 మందికి రక్తంలో హెపటైటిస్ బి గుర్తు పోయినదని 1988లో మద్రాసు పరిశోధకులు ప్రకటించారు. తరువాత ఇతరచోట్ల జరిగిన పరీక్షలలో అంతటి ఫలితం రాలేదు.

కనుక గృహస్థులకు నా సలహా: కళ్ళు పచ్చబడితే ముందుగా రక్తపరీక్ష చేయించి కారణం తెలుసుకొనండి. హెపటైటిస్ సి నేడు మాత్రలతో నయమగుచున్నది. బి రకాన్ని మాత్రలతో అదుపులో ఉంచవచ్చును, టీకాతో నివారించవచ్చును. ఏ మూలిక వాడుతున్నా వైద్యునికి దాచక చెప్పండి. మూలిక వాడుతుండగా పొడిదగ్గు, ఆయాసం, జ్వరం కనిపిస్తే దానిని వెంటనే మాని, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.