బంగారు పాము చెప్పిన పాఠం



వానాకాలంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెల్లో పాము కనిపిస్తే ఏం జరుగుతుంది? "కట్లపాము!" అని ఒకరు అరుస్తారు. నలుగురు కర్రలు పట్టుకుని వస్తారు. చచ్చిన తరువాత అది ఏ పామో చూసేవారు తక్కువ. ఒకసారి మా బడి ఆవరణలో అలా చంపిన పామును నేను పరిశీలించాను. అది కట్లపాము కాదు. బల్లులను తిని బతికే విషం లేని పాము! దాని పేరు ఎవరికీ తెలియకపోవడమే దాని చావుకు కారణమైంది.

శాస్త్రజ్ఞులు ఆ పామును లైకోడాన్ ఆలికస్ అంటారు. గ్రీకు భాషలో లైకోడాన్ అంటే తోడేలు పళ్ళది అని అర్థం. కట్లపాముకూ దీనికీ ఒంటిమీద తెల్లని కట్లు ఉంటాయి. అయితే పెరిగిన కట్లపాముకు కట్లు తలవైపు అంతగా కనిపించవు, తోకవైపు స్పష్టంగా ఉంటాయి. లైకోడాన్‌కు తలవైపు స్పష్టంగా ఉండి, తోకవైపు మాసిపోతాయి. కట్లపాము వెన్ను నడుమ ఒక వరుస పొలుసులు పెద్దవిగా, ఆరు కోణాలతో ఉంటాయి. లైకోడాన్‌కు అలా ఉండవు.

ఇంకో వింత చూడండి. చూపుకు ఒకేలా ఉన్న ఈ రెండూ దగ్గరి చుట్టాలు కావు! కట్లపాముకు దగ్గరి చుట్టం నాగుపాము. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటి విషమూ ముఖ్యంగా నాడులపైనే పనిచేస్తుంది. పైరూపానికి మోసపోకుండా జీవుల అసలు చుట్టరికాన్ని తేల్చి, సరైన పేరు పెట్టేదే వర్గీకరణ శాస్త్రం.

సిరిసిల్లలో నూలును నంబరు ప్రకారం వేరు చేయకుండా మగ్గానికి ఎక్కిస్తే బట్ట ఏమవుతుంది? జీవుల విషయంలోనూ అంతే. స్వీడన్ దేశస్థుడు లినేయస్ మొక్కలకు 1753లో, జంతువులకు 1758లో రెండు మాటల పేర్లను స్థిరపరిచాడు. మొదటి మాట ప్రజాతి, రెండవది జాతి. నాగుపాము నాజా నాజా. కట్లపాము బంగారస్ సీరూలియస్.

'బంగారస్' అన్న మాట ఎక్కడో విన్నట్లు లేదూ? అది మన తెలుగు మాటే! 1780లలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, విషసర్పాలను, విషం లేనివాటిని వేరు చేసి చూపాలని పూనుకున్నాడు. స్థానికులు చెప్పిన పేర్లను రాసుకుని 1796లో గ్రంథం ప్రచురించాడు. పసుపు, నలుపు పట్టీల పామును అందులో 'బంగారు పాము' అన్నాడు. దాని నుంచే 1803లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు డోడాన్ 'బంగారస్' అనే ప్రజాతి పేరు చేశాడు. రస్సెల్ 'కాటుక రేకుల పొడ' అని రాసుకున్న రక్తపింజరకు నేడు ఆయన పేరే ఉంది.

పేర్లతో మనకేం పని అనుకోకండి. మన దేశంలో పాముకాటుకు ఇచ్చే మందును నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషంతో తయారు చేస్తారు. కేరళలో మరో రకం పింజరను చిన్నపింజరగా పొరబడుతూ వచ్చారు. దాని కాటుకు ఈ మందు పనిచేయలేదు. ఆ పొరపాటు 2007లో వైద్యుల నివేదికతో బయటపడింది. పేరు తప్పితే వైద్యం తప్పుతుంది!

రక్షణ కూడా తప్పుతుంది. జెర్రిపోతుకు విషం లేదు. అది పొలాల్లో ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది. నాగుపాము అనుకుని దాన్ని చంపితే నష్టం ఎవరికి? మన ధాన్యానికే! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకు రక్షణ ఇస్తుంది. కాని ఏ జాతి ఎక్కడుందో, తగ్గుతోందో పెరుగుతోందో తెలియాలంటే, ముందు దాన్ని సరిగా గుర్తించాలి. గుర్తించలేనిదాన్ని లెక్కపెట్టలేం. లెక్క తెలియనిది మాయమైనా మనకు తెలియదు.

ఒక హెచ్చరిక. పామును పట్టుకోవద్దు, దగ్గరకు పోవద్దు. కట్లు, పొలుసులు పుస్తకంలోని బొమ్మల్లోనే పరిశీలించండి. పాము కరిస్తే మంత్రాలతో కాలం వృథా చేయక, కరిచిన చోటును కదల్చకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

మీ పనిని మొక్కలతో మొదలుపెట్టండి. మీ ఊరి చెరువుగట్టుపై కనిపించే పది మొక్కల పేర్లు పెద్దలను అడిగి రాసుకోండి. వాటి శాస్త్రీయ నామాలు మీ సైన్సు మాస్టారుతో కలిసి వెదకండి. ఆనాడు రస్సెల్‌కు పాముల పేర్లు చెప్పినది మనవంటి పల్లె ప్రజలే అని మరువకండి!