శరణుల దృష్టిలో దాంపత్యము



వివాహము ఎందులకు? ఈ ప్రశ్నకు పూర్వ ధర్మశాస్త్రములు ధర్మము, ప్రజ, రతి అని మూడు ప్రయోజనములను చెప్పినవి. వీనిలో సంతానమునకు, విశేషించి పుత్రునకు, ఎక్కువ ప్రాధాన్యము లభించెను. పితృకార్యములు నడచుటకును, ఆస్తి వంశములో నిలుచుటకును పుత్రుడు కావలెనని తలచిరి. కులము చెదరకుండుటకు కూడ వివాహమునే కట్టుబాటుగా చేసికొనిరి.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరములో బసవేశ్వరుడు, ఆయన సహచర శరణులు ఈ దృష్టిని మార్చిరి. స్త్రీకిని ఇష్టలింగ దీక్ష కలదనిరి. లింగధారికి జనన మరణ సూతకములు లేవనిరి. కనుక ముక్తికి పుత్రుడు సాధనము కాడు. భార్యాభర్తలిరువురును సాధకులే, ఒకరి సాధనకు మరొకరు తోడు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర దీనికి నిదర్శనము. రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, జంగమ దాసోహము జరుపుటే వారి జీవనము. ఒకనాడు మారయ్య అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, అత్యాశ భక్తులకు తగదని మందలించి, మిగులు బియ్యమును తిరిగి పంపించెను. భర్త దానిని అవమానముగా తలంపలేదు. దాంపత్యమనగా ఇది.

కులమును మించిన వివాహమునకు శరణులు ప్రాణములనే మూల్యముగా చెల్లించిరి. చర్మకారుడైన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసుని కుమార్తెకు వివాహము జరుగగా, బిజ్జలుడు ఆ తండ్రులిరువురకు మరణదండన విధించెనని చరిత్ర. కల్యాణము అల్లకల్లోలమయ్యెను, శరణులు చెదరిపోయిరి.

ఆ కల్యాణమే నేటి బసవకల్యాణ్. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లాలో ఉండెను. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతములకు మన బిడ్డలును ఉద్యోగములకై చేరిరి. అచట దంపతులిరువురును సంపాదించుచున్నారు. ఒకరు రాత్రి షిఫ్టు ముగించి వచ్చుసరికి మరొకరు బయలుదేరు ఇండ్లు కలవు. అయినను సంబంధము చూచునపుడు మనము అడుగునది జీతమెంత, ఉపకులమేది, కట్నమెంత అనియే. కట్నము 1961 నుండి చట్టవిరుద్ధము. కులవిచారణ శరణమార్గమునకే విరుద్ధము.

ఆఫీసు పని మాత్రమే కాయకము కాదు. వంట, బిడ్డ పోషణ, వృద్ధుల సేవ కూడ కాయకమే. ఇరువురును సంపాదించి, ఇంటి పని ఒక్క కోడలిపైననే పడినచో అచట సహధర్మము లేదు. సంపాదన పెరిగియు దాసోహము లేనిచో లక్కమ్మ తిప్పి పంపిన బియ్యమే మన ఇంట నిలువ ఉన్నట్లు.

ఆచరణకు మూడు మాటలు: దినమున ఒక్కమారైనను దంపతులు కలిసి లింగపూజ చేయవలెను. రాబడిలో కొంత దాసోహమునకు తీయవలెను. ఇంటి పనిని పంచుకొనవలెను.

ఈ పాఠమును చదివిన పిదప ప్రతి కుటుంబమును ఒక ప్రశ్న వేసికొనవలెను: మన ఇంట అవసరమునకు మించినది వచ్చినపుడు, "ఇది తగదు" అని చెప్పగల స్వేచ్ఛ మన కోడలికి కలదా? చెప్పినచో వినువారు కలరా?