కవలలవంటి సముద్ర జీవులు: గుర్తించు విధము

వరినారులో ఊదమొక్కను ఆకు మొదలు చూచి గుర్తింతుము. సముద్రములోని సూక్ష్మజీవులకును అట్టి గుర్తులు కలవు.

అలెగ్జాండ్రియం మినుటమ్, అలెగ్జాండ్రియం టముటమ్ అనునవి కంటికానని డైనోఫ్లాజెల్లేట్లు. మినుటమ్ విషకారి. టముటమ్‌ను 2004లో మధ్యధరా సముద్రమునుండి వేరు జాతిగా వర్ణించిరి. అప్పుడు పరీక్షించిన నమూనాలలో విషము కనబడలేదు.

రెంటికిని సెల్యులోజు పలకల కవచముండును. కాల్కోఫ్లోర్ రంగు పట్టించి, ప్రతిదీప్తి సూక్ష్మదర్శినిలో చూడవలెను. నడుము గాడికి పైవరుసలోని ఆరవ పలక మినుటమ్‌కు ఇరుకుగను, టముటమ్‌కు వెడల్పుగను ఉండును. సందేహమున్నచో డి.ఎన్.ఏ. పరీక్ష చేయవలెను.

మినుటమ్‌ను మేసిన ఆల్చిప్పలలో చేరు విషము మనుష్యులకు పక్షవాతము కలిగించును, వండినను పోదు. కావున నీటిలో మినుటమ్ కనిపించిన వెంటనే చిప్పల సేకరణ ఆపి, వాటి మాంసమును పరీక్షింపవలెను.