కిక్కిరిసిన కటకం

నేను చదివింది కామర్స్, చేసింది బ్యాంకు గుమాస్తా పని. కంటిశుక్లం ఆపరేషన్ అయ్యాక, కటకం ఎందుకు మసకబారుతుందో తెలుసుకోవాలని మనవరాలి ప్లస్ టూ పుస్తకంతో మొదలుపెట్టాను.

పరీక్షనాళికలో ప్రోటీన్‌కు కావలసినంత చోటు. జీవకణంలో ఉండదు, ఈ.కోలై బ్యాక్టీరియాలో మిల్లీలీటరుకు 300 మిల్లీగ్రాములకు పైగా పెద్ద అణువులుంటాయి. హోసూరు నుంచి కృష్ణగిరి పోయే సాయంకాలపు బస్సును తలచుకోండి. అందులో గొడుగు విప్పలేం. ప్రోటీనూ అంతే, ముడుచుకున్న రూపంలోనే నిలుస్తుంది. రెండు అణువులు జతకడితే మిగతావాటికి చోటు పెరుగుతుంది గనుక జతకట్టడమూ ఎక్కువే. అయితే ఇది వట్టి చోటు లెక్క కాదు. పక్కవాడు గొడుగు పట్టి లాగినట్టు, పక్క అణువుల ఆకర్షణ బలంగా ఉంటే నిలకడ తగ్గనూవచ్చు.

కటకం బరువులో దాదాపు మూడోవంతు ప్రోటీన్లే. వయసుతో దెబ్బతిని విప్పుకున్నవి ఆ ఇరుకులో ముద్దకట్టి వెలుగును చెదరగొడతాయి. అదే శుక్లం. ఆల్ఫా క్రిస్టలిన్ అనే ప్రోటీన్ వాటిని పట్టి ఆపుతుందని 1992లో జోసెఫ్ హార్విట్జ్ చూపారు. వేడినిబట్టి ఆ పని ఎలా మారుతుందో హైదరాబాదు సీసీఎంబీలో డాక్టర్ సీహెచ్. మోహనరావు గారి బృందం పరిశోధించింది.

కటకం నడిమిభాగంలో ఈ ఆల్ఫా కొత్తగా తయారు కాదు. జమ లేదు, ఖర్చే. నడివయసు దాటేసరికి అక్కడ కరిగివున్న నిల్వ దాదాపు అయిపోతుంది. నా ఖాతా అరవై దాటాక బయటపడింది.