బొమ్మల డైరీ రాద్దాం రండి



మేము ఆరో తరగతిలో ఉండగా డ్రాయింగు పీరియడ్‌లో "మీ ఊరు గీయండి" అన్నారు. తరగతి అంతా ఒకే బొమ్మ గీశాం. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు. మా ఊళ్ళలో కొండలు లేవు. అలాంటి ఇల్లు మాలో ఎవరికీ లేదు. ఒక్క మిత్రుడు మాత్రం వాళ్ళ నాన్న చెప్పులు కుట్టే ఆరె, రంపె, కింద పెట్టుకునే రాయి గీశాడు. చూసినది గీసిన వాడికి పదికి 2 మార్కులు, చూడనిది గీసిన మాకు 8. వాడు మళ్ళీ బొమ్మ జోలికి పోలేదు.

ఇప్పుడు పి.జి.లో వృక్షశాస్త్రం చదువుతుంటే, పుస్తకంలోని బొమ్మ కాక ఎదురుగా ఉన్న ఆకు గీయమంటున్నారు. ఆనాడు మా మిత్రుడు చేసింది అదే కదా అనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం.

బొమ్మల డైరీ అంటే ఏమిటి?

రోజుకొక పేజీ. అందులో ఒక బొమ్మ, తేదీ, చోటు, రెండు మూడు మాటలు. అంతే. అందం దీనికి ముఖ్యం కాదు, చూడటం ముఖ్యం. డార్విన్ 1837లో తన నోటుబుక్కులో కొమ్మలు చీలిన చెట్టులాగా కొన్ని గీతలు గీసుకున్నాడు. మన రికార్డులో అయితే దానికి సంతకం కూడా పడదు! కానీ 1859లో వచ్చిన 'జాతుల పుట్టుక' గ్రంథంలోని ఆలోచన ఆ గీతల్లోనే ఉంది.

బెంగాల్ చిత్రకారుడు సోమనాథ్ హోర్ 1946 డిసెంబరులో, నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ పల్లెలకు వెళ్ళాడు. పంటలో మూడింట రెండు వంతులు తమకే రావాలని పాలికి దున్నే రైతులు పోరాడుతున్న కాలమది. ఆయన వాళ్ళ మధ్య ఉండి, వాళ్ళ ముఖాలు, సభలు, కోతలు గీశాడు, పక్కనే రాసుకున్నాడు. అదే 'తేభాగా డైరీ'. పేదవాళ్ళ బతుకు కూడా చరిత్రే అనడానికి అది సాక్ష్యం.

ఎలా తయారు చేసుకోవాలి?

డబ్బు అక్కరలేదు. ఏడాది చివర నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు 8 తీసుకుని మధ్యకు మడవండి. మడత మీద మూడు చిల్లులు పెట్టి దారంతో కుట్టండి. 32 పేజీలు వస్తాయి, నెలకు సరిపోతాయి. రంగులకు బొగ్గు, పసుపు, ఇటుక పొడి, టీ డికాక్షన్ చాలు. రబ్బరు వాడవద్దు. తప్పు గీత పక్కనే సరైన గీత గీస్తే, మన చూపు ఎలా మారిందో తెలుస్తుంది.

నాలుగు వారాల అభ్యాసం

మొదటి వారం: మన దగ్గరి వస్తువులు. పళ్ళెం, ట్రంకు పెట్టె తాళం, బకెట్టు. పది నిమిషాలు చాలు. కాగితం కంటే వస్తువునే ఎక్కువసేపు చూడాలి.

రెండో వారం: మార్పు. తడిగుడ్డలో ఒక చిక్కుడు గింజ పెట్టి రోజూ గీయండి.

మూడో వారం: పని. కూరగాయలు తరిగే వంటామె చేతులు, నల్లా దగ్గర వరుస.

నాలుగో వారం: ఇల్లు. సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మానాన్నల పనిముట్లు గీసి, ఇంట్లో పిలిచే పేర్లే రాయండి.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మా అమ్మకు మా మార్కుల మెమో చదవడం రాదు. కానీ మేము గీసిన చేట చూసి, "అల్లిక ఇట్లా పోదు బిడ్డా" అని వేలితో చూపించింది. మళ్ళీ గీశాం. మా చదువులో అమ్మ దిద్దిన మొదటి పేజీ అది.

ఉపాధ్యాయులకు మా మనవి

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం–2005 పదో తరగతి వరకు కళలు చదువులో భాగం కావాలని చెప్పింది. దయచేసి డ్రాయింగు పీరియడ్‌ను లెక్కలకు ఇవ్వకండి. ఈ డైరీకి మార్కులు వద్దు, ఎర్ర ఇంకు వద్దు. "ఇందులో కొత్తగా ఏం చూశావు?" అని అడగండి చాలు. పిల్లలు చూపిస్తేనే చూడండి. ఇంటి సంగతులను నలుగురిలో చదవకండి. చిన్న తరగతుల పిల్లలు బొమ్మ గీసి నోటితో చెబితే, ఆ మాటలను మీరు కింద రాసిపెట్టండి. వీలైతే మీరూ ఒక డైరీ పెట్టండి. సార్ గీత కూడా వంకరగా వస్తుందని తెలిస్తే పిల్లలకు భయం పోతుంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఆ రెండు కొండల బొమ్మ ఇక చాలు. మీ ఇంటి కప్పు రేకులదైతే రేకులే గీయండి, తాటాకుదైతే తాటాకే గీయండి. మన ఇల్లు గీయదగ్గదేనని ముందు మనం నమ్మాలి. పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చే మా మిత్రుడికి ఈసారి మేము ఒక కుట్టిన పుస్తకం ఇవ్వబోతున్నాం. మొదటి పేజీలో ఆరె గీయమని అడుగుతాం.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (వృక్షశాస్త్రం)